కప్ కొట్టిన మూడేళ్లకే ఢిల్లీకి వెళ్లిపోయిన హైదరాబాద్ ఎఫ్‌సీ.. క్రొయేషియాలో ఆ చిన్న ఊరి క్లబ్ మాత్రం 1911 నుంచి అక్కడే! తేడా ఎక్కడ వచ్చింది?

అల్లూరు: ఐపీఎల్ మ్యాచ్ ఉన్న రోజు నెల్లూరు తీరంలో ఏ ఊరికెళ్లినా సీన్ ఒకటే. టీ బంకు దగ్గరైనా, రొయ్యల గుంటల కాడైనా ఫోన్ చుట్టూ నలుగురు చేరతారు. ఫుట్‌బాల్‌కి మాత్రం ఆ సందడి ఉండదు. వరల్డ్ కప్ వస్తే తప్ప ఆ ఆట గుర్తురాదు చాలామందికి. కానీ 2022లో ఇండియన్ సూపర్ లీగ్ కప్ గెలిచింది హైదరాబాద్ జట్టే. ఆ జట్టు ఇప్పుడు హైదరాబాద్‌లో లేదు. పేరు మారింది, ఊరు మారింది. 2025 అక్టోబర్‌లో స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయిపోయింది.

ఛాంపియన్ జట్టు మూడేళ్లలో మాయం కావడమేంటి? అసలు ఒక ఊరి క్లబ్‌ని ఇంకో ఊరికి ఎలా తీసుకుపోతారు? ఆ లెక్కేంటో చూద్దాం.

పుట్టుకే ఇంకో ఊరి ఖాళీలో

హైదరాబాద్ ఎఫ్‌సీ 2019 ఆగస్టులో పుట్టింది. ఐఎస్‌ఎల్‌లో అప్పటిదాకా ఆడిన పుణె సిటీ క్లబ్ డబ్బుల ఇబ్బందులతో మూతపడితే, ఆ ఖాళీలోకి హైదరాబాద్ వచ్చింది. విజయ్ మద్దూరి, వరుణ్ త్రిపురనేని ఓనర్లు. పుణె ఆటగాళ్లు కొందరు ఇటు వచ్చేశారు. అంటే ఒక ఊరి ఫ్యాన్స్ క్లబ్‌ని పోగొట్టుకుంటే, ఇంకో ఊరికి క్లబ్ దొరికిందన్నమాట. ఆరేళ్ల తర్వాత అదే పద్ధతి తిరిగొచ్చి హైదరాబాద్‌కే తగిలింది.

మొదటి మ్యాచ్ 2019 అక్టోబర్ 25న కోల్‌కతాలో. ఏటీకే చేతిలో 5-0తో చిత్తు. వారం తర్వాత నవంబర్ 2న గచ్చిబౌలి బాలయోగి స్టేడియంలో తొలి హోమ్ మ్యాచ్‌లో కేరళ బ్లాస్టర్స్‌ని 2-1తో కొట్టి కాస్త పరువు నిలబెట్టుకుంది. అయినా ఆ సీజన్‌లో మొత్తం గెలిచింది రెండే. పది పాయింట్లతో టేబుల్‌లో అట్టడుగు స్థానం.

తర్వాత స్పెయిన్ నుంచి మనోలో మార్క్వెజ్ కోచ్‌గా వచ్చాడు. పేరున్న విదేశీ స్టార్ల కంటే కుర్రాళ్ల మీద నమ్మకం పెట్టాడు. మొదటి ఏడాదే ఐదో స్థానం. రెండో ఏడాది, 2021-22లో, లీగ్‌లో రెండో స్థానం. నైజీరియా స్ట్రైకర్ బార్తలోమ్యూ ఒగ్బెచె ఆ సీజన్‌లో 18 గోల్స్ కొట్టి గోల్డెన్ బూట్ పట్టుకుపోయాడు.

ఫైనల్ 2022 మార్చి 20న గోవాలోని ఫతోర్డాలో. ఎదురుగా మళ్లీ కేరళ బ్లాస్టర్సే. స్టేడియం నిండా పసుపు జెర్సీలు. 68వ నిమిషంలో రాహుల్ కేపీ గోల్ కొట్టడంతో కేరళకి ఆధిక్యం. ఇక అయిపోయిందనుకున్న టైమ్‌లో, 88వ నిమిషంలో సాహిల్ తవోరా బంతిని గాల్లోనే వాయించి గోల్‌లోకి పంపాడు. 1-1. ఎక్స్‌ట్రా టైమ్‌లోనూ తేలలేదు. పెనాల్టీ షూటౌట్‌లో హైదరాబాద్ గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి ముగ్గురిని ఆపేశాడు. అందులో మొదటివాడు క్రొయేషియా డిఫెండర్ మార్కో లెస్కోవిచ్. చివరికి హాలీచరణ్ నర్జారీ కిక్‌తో 3-1. హైదరాబాద్ ఛాంపియన్.

ఇక్కడో విషయం చాలామంది గమనించలేదు. కోవిడ్ కారణంగా 2020-21, 2021-22 సీజన్లు మొత్తం గోవాలోనే, బయో బబుల్‌లో జరిగాయి. అంటే క్లబ్ చరిత్రలోనే గొప్ప సీజన్‌లో గచ్చిబౌలిలో ఒక్క లీగ్ మ్యాచ్ కూడా లేదు. సొంత ఊరి జనం కళ్ల ముందు ఆడకుండానే ఛాంపియన్ అయిందా జట్టు. ఫ్యాన్స్ తయారవ్వాల్సిన రెండేళ్లు అలా ఫోన్ స్క్రీన్ల మీదే గడిచిపోయాయి. తర్వాత జరిగిన దాంట్లో దీని పాత్ర చిన్నదేం కాదు.

కూలింది ఎలా?

2022-23లో గచ్చిబౌలికి తిరిగొచ్చారు. మళ్లీ లీగ్‌లో రెండో స్థానం. సెమీస్‌లో ఏటీకే మోహన్ బగాన్ చేతిలో పెనాల్టీల్లో ఓటమి. బయటికి అంతా బాగానే కనిపించింది. లోపల మాత్రం జీతాలు ఆగాయి.

మనోలో ఎఫ్‌సీ గోవాకి వెళ్లిపోయాడు. పెద్ద ఆటగాళ్లు ఒక్కొక్కరే జారుకున్నారు. బకాయిల గొడవలు ఫిఫా దాకా వెళ్లాయి. కొత్త ఆటగాళ్లను రిజిస్టర్ చేసుకోకుండా క్లబ్‌పై నిషేధం పడింది. ఈ నిషేధం ఎలా పనిచేస్తుందంటే.. పాత ఆటగాడికి ఇవ్వాల్సింది ఇచ్చేదాకా కొత్తవాణ్ణి తీసుకోకూడదు. ఉన్నవాళ్లు వెళ్లిపోతుంటారు, వచ్చేవాళ్లు ఉండరు. జట్టు బలహీనపడుతుంది, ఓడుతుంది, జనం రారు, స్పాన్సర్లు రారు. డబ్బు రాకపోతే బకాయి తీరదు. బావిలో పడ్డవాడి చేతిలోంచి తాడు లాగేసినట్టే.

2023-24 సీజన్ మధ్యలో విదేశీ ఆటగాళ్లు దాదాపు అందరూ వెళ్లిపోయారు. బ్రెజిల్‌కి చెందిన కెప్టెన్ జావో విక్టర్ మాత్రం ఉండిపోయాడు. కుర్రాళ్లను పెట్టుకుని 22 మ్యాచ్‌లు ఆడితే గెలిచింది ఒక్కటి. 5 డ్రా, 16 ఓటములు. రెండేళ్ల క్రితం కప్ ఎత్తిన క్లబ్‌కి 8 పాయింట్లు, ఆఖరి స్థానం.

2024లో బీసీ జిందాల్ గ్రూప్ క్లబ్‌ని తీసుకుంది. హమ్మయ్య అనుకున్నారు ఫ్యాన్స్. కానీ 2024-25లో 13 జట్లలో 12వ స్థానం. ఆ మరుసటి ఏడాదే ఢిల్లీకి మకాం. ఐఎస్‌ఎల్‌లో ఇది కొత్తేం కాదు. 2019లోనే ఢిల్లీ డైనమోస్ భువనేశ్వర్ వెళ్లి ఒడిశా ఎఫ్‌సీ అయింది. అంటే పుణె పోయి హైదరాబాద్ వచ్చింది, ఢిల్లీ పోయి ఒడిశా వచ్చింది, హైదరాబాద్ పోయి మళ్లీ ఢిల్లీ వచ్చింది! కుర్చీలాటకి దీనికి తేడా ఏముంది?

అలాగని ఓనర్లనే తిట్టి ఊరుకుంటే సరిపోదు. క్లబ్ నడపాలంటే ఆటగాళ్ల జీతాలు, స్టేడియం, ప్రయాణాలు.. ఏటా కోట్లు పోతాయి. లీగ్ టీవీ హక్కుల నుంచి వచ్చేది ఆ ఖర్చుకి సరిపోదు. సొంత స్టేడియం కూడా లేదు, గచ్చిబౌలి ప్రభుత్వానిది. పైగా 2025లో ఐఎస్‌ఎల్ ఒప్పందం గడువు దగ్గరపడటంతో లీగ్ జరుగుతుందా లేదా అన్నదే తేలలేదు. అలాంటి టైమ్‌లో ఏ వ్యాపారి అయినా ముందు లెక్కలే చూసుకుంటాడు. చిక్కల్లా ఏంటంటే, ఆ లెక్క చూసేటప్పుడు ఊరి తరఫున మాట్లాడేవాళ్లు ఆ గదిలో ఒక్కరూ లేరు.

ఇప్పుడు క్రొయేషియా వెళ్దాం

ఏడ్రియాటిక్ సముద్రం ఒడ్డున స్ప్లిట్ అనే ఊరుంది. జనాభా సుమారు లక్షా 60 వేలు. మన నెల్లూరు సిటీ కంటే చాలా చిన్నది. అక్కడి క్లబ్ పేరు హైదుక్ స్ప్లిట్. ప్రాగ్‌లో చదువుకుంటున్న స్ప్లిట్ కుర్రాళ్లు 1911లో అక్కడో బీర్ హాల్లో కూర్చుని, మనకీ ఒక క్లబ్ ఉండాలని తీర్మానించుకున్నారు. ఒట్టోమన్ పాలనకి ఎదురుతిరిగిన తిరుగుబాటుదారులను అక్కడ హైదుక్‌లు అంటారు. ఆ పేరే పెట్టుకున్నారు.

రెండో ప్రపంచ యుద్ధంలో స్ప్లిట్‌ని ఇటలీ ఆక్రమించింది. ఇటలీ లీగ్‌లో ఆడమంటే హైదుక్ ఆడనంది. 1944లో విస్ అనే దీవిలో, టిటో ప్రతిఘటన సైన్యం జట్టుగా మళ్లీ నిలబడింది. యుద్ధం అయ్యాక 1950లో ఒక్క మ్యాచ్ కూడా ఓడకుండా యుగోస్లావియా లీగ్ గెలిచింది. అదే ఏడాది పుట్టిన వాళ్ల ఫ్యాన్స్ సంఘం టోర్సిడాకి యూరప్‌లోనే పాతదన్న పేరుంది.

మరి అంత ప్రేమ ఉంటే డబ్బు కష్టాలు రావా? వచ్చాయి. 2012 ప్రాంతంలో హైదుక్ దివాలా అంచుదాకా వెళ్లింది. అక్కడ మాత్రం కథ వేరే దారి పట్టింది. క్లబ్‌లో పెద్ద వాటా స్ప్లిట్ నగరపాలక సంస్థది. అభిమానులు ‘నాష్ హైదుక్’, అంటే ‘మన హైదుక్’ పేరుతో సంఘం పెట్టుకున్నారు. చందాలు పోగేసి షేర్లు కొంటూ 2016 నాటికి సుమారు నాలుగో వంతు వాటా సంపాదించారు. ఏటా సభ్యత్వం కట్టినవాళ్లకు ఓటు ఉంటుంది. క్లబ్‌ని పర్యవేక్షించే బోర్డులో ఎవరుండాలో వాళ్లే ఎన్నుకుంటారు. ఇటీవలి ఏళ్లలో ఈ సభ్యుల సంఖ్య లక్ష దాటింది. విదేశాల్లో ఉన్న క్రొయేషియన్లు కూడా డబ్బు కట్టి సభ్యులవుతున్నారు.

ఇంతా చేసి హైదుక్ చివరిసారి లీగ్ గెలిచింది 2005లో! రెండు దశాబ్దాలు టైటిల్ లేకపోయినా సభ్యులు పెరిగారే తప్ప తగ్గలేదు. ఆ క్లబ్‌ని జాగ్రెబ్‌కి మారుస్తామని ఎవరైనా అంటే ఏమవుతుందో ఊహించుకోవచ్చు.

హైదరాబాద్‌కి ఫుట్‌బాల్ కొత్తనుకుంటున్నారా?

హైదుక్ యుగోస్లావియాని ఏలుతున్న ఆ 1950లోనే, ఇక్కడ హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు దేశాన్ని వణికించడం మొదలుపెట్టింది. కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం. స్కూల్ టీచర్‌గా పనిచేసిన మనిషి. 2024లో అజయ్ దేవగణ్ హీరోగా వచ్చిన ‘మైదాన్’ సినిమా ఆయన కథే. 1950 నుంచి 1954 వరకు వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ సిటీ పోలీస్‌దే. డ్యూరాండ్ కప్ కూడా కొట్టారు.

ఆయనే ఇండియా కోచ్ కూడా. 1951 ఏషియన్ గేమ్స్‌లో గోల్డ్ తెచ్చాడు. ఆ మరుసటి ఏడాది హెల్సింకి ఒలింపిక్స్‌లో మాత్రం యుగోస్లావియా చేతిలో 10-1తో దెబ్బతిన్నాం. మనవాళ్లలో చాలామంది ఆ చలిలో బూట్లు లేకుండా ఆడారు. అవతలి జట్టులో గోల్‌కీపర్ బెయారా, రెండు గోల్స్ కొట్టిన వుకాస్ ఇద్దరూ హైదుక్ ఆటగాళ్లే. ఆ దెబ్బతోనే మన ఫుట్‌బాల్‌లో బూట్లు తప్పనిసరి అయ్యాయి.

నాలుగేళ్లకి మెల్‌బోర్న్ ఒలింపిక్స్. రహీం జట్టు ఆస్ట్రేలియాని 4-2తో ఓడించి సెమీస్ చేరింది. ఒలింపిక్స్ ఫుట్‌బాల్‌లో సెమీస్ ఆడిన తొలి ఆసియా జట్టు మనదే. సెమీస్‌లో మళ్లీ అదే యుగోస్లావియా. ముందు గోల్ కొట్టింది మనమే. చివరికి 4-1తో ఓడినా, 10-1కి దీనికి ఎంత దూరమో చూడండి. ఆ జట్టులో పీటర్ తంగరాజ్, అజీజుద్దీన్, జుల్ఫికరుద్దీన్, సికింద్రాబాద్ అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరాం లాంటి హైదరాబాద్ వాళ్లు ఉన్నారు. 1962లో జకార్తా ఏషియన్ గేమ్స్ ఫైనల్లో దక్షిణ కొరియాని 2-1తో ఓడించి రెండో గోల్డ్. అప్పటికే క్యాన్సర్‌తో ఉన్న రహీం 1963 జూన్‌లో కన్నుమూశాడు.

సిటీ పోలీస్ జట్టుకి ఓనర్లు, ఫ్రాంచైజీలు లేవు. ఆటగాడికి పోలీస్ ఉద్యోగం, నెల జీతం. అదే దాని బలం. కానీ కోల్‌కతా క్లబ్బులు ఎక్కువ డబ్బు, ఎక్కువ పేరు చూపిస్తుంటే కుర్రాళ్లు అటు వెళ్లడం మొదలైంది. బలరాం ఈస్ట్ బెంగాల్‌కి వెళ్లాడు. తర్వాతి తరంలో షబ్బీర్ అలీ, విక్టర్ అమల్‌రాజ్ కూడా అటే. ఇద్దరూ హైదరాబాద్ వాళ్లే, ఇద్దరూ పేరు తెచ్చుకుంది మాత్రం కోల్‌కతాలో. రహీం పోయాక ఆయనలాంటి వేట, ఆయనలాంటి శిక్షణ ఇచ్చే మనిషి మళ్లీ దొరకలేదు.

మరి ఇప్పుడు మనకేం మిగిలింది?

శ్రీనిధి డెక్కన్ ఉంది. మొదట విశాఖ పేరుతో లీగ్‌లోకి వచ్చి, తర్వాత హైదరాబాద్ శివార్లలోని అజీజ్‌నగర్‌లో డెక్కన్ అరీనా పేరుతో సొంత గ్రౌండ్ కట్టుకుంది. ఐ-లీగ్‌లో తొలి సీజన్‌లోనే మూడో స్థానం, 2022-23, 2023-24లో వరసగా రన్నరప్. టాప్ లీగ్‌కి ఒక్క మెట్టు కింద ఆగిపోయింది. హైదరాబాద్ ఎఫ్‌సీకి లేనిది, సొంత గ్రౌండ్, దీనికి ఉంది. టీవీల్లో, సోషల్ మీడియాలో దీని గురించి మాట్లాడేవాళ్లే తక్కువ.

ఆంధ్రా వైపు చూస్తే పరిస్థితి ఇంకా వెనక. టాప్ లీగ్‌లో ఆంధ్ర ఊరి పేరుతో ఇప్పటిదాకా ఒక్క క్లబ్ లేదు. అల్లూరులో బాగా ఆడే పదేళ్ల పిల్లాడికి ముందు మంచి కోచ్ కావాలి. ఆ తర్వాత ఏ రాష్ట్రానికి వెళ్లాలన్నది ఇంట్లోవాళ్లు తేల్చుకోవాల్సిన మాట. హైదరాబాద్ ఎఫ్‌సీ ఉన్నప్పుడు కనీసం రాత్రి బస్సెక్కితే పొద్దున్నే ట్రయల్స్‌కి వెళ్లే దారి ఒకటుండేది.

ఇంకో చిత్రం చూడండి. 2019 నుంచి 2024 దాకా ఇండియా కోచ్‌గా ఉన్న ఇగోర్ స్టిమాచ్ క్రొయేషియా మనిషి, హైదుక్‌లో ఆడి పైకొచ్చినవాడు. ఆయన తర్వాత ఆ కుర్చీలోకి వచ్చింది హైదరాబాద్‌కి కప్ తెచ్చిన మనోలో మార్క్వెజ్. ఇండియా కోచ్‌గా మనోలో తొలి మ్యాచ్ 2024 సెప్టెంబర్ 3న మారిషస్‌తో, అదీ గచ్చిబౌలిలోనే. 0-0 డ్రా. అదే ఏడాది డిసెంబర్ 31న సంతోష్ ట్రోఫీ ఫైనల్‌కి కూడా ఆ స్టేడియమే వేదికైంది. బెంగాల్ 1-0తో కేరళని ఓడించి కప్ తీసుకెళ్లింది.