గేమ్‌లో ‘హ్యాక్’ వాడితే ఎలా దొరికిపోతారు? ఐడీతో పాటు ఫోన్‌కూ శిక్ష!

జొన్నాడ: రావులపాలెం దగ్గర గౌతమి వంతెన దాటితే జొన్నాడ. ఇక్కడైనా, హైదరాబాద్ పాతబస్తీలోనైనా బీజీఎంఐ ఆడే కుర్రాళ్ల నోట వినిపించే మాట ఒకటే.. ‘వాడు హ్యాకర్ రా, గోడ వెనక ఉన్నా కొట్టేశాడు’. నిజంగా గోడ వెనక మనిషి కనిపిస్తాడా? కనిపిస్తే కంపెనీ ఎందుకు ఊరుకుంటుంది? అసలు ఊరుకోదు. ఎలా పట్టుకుంటుందో చూద్దాం.

పద్దు ఎవరి చేతిలో ఉంది?

కిరాణా కొట్లో అప్పు పద్దు కొట్టువాడి పుస్తకంలోనే ఉంటుంది. అదే కొనేవాడి చేతికిస్తే వంద బాకీని పది అని రాసుకుంటాడు. గేమ్‌లోనూ అంతే. ప్రాణం ఎంత మిగిలింది, గుండు ఎవరికి తగిలింది వంటి ముఖ్యమైన లెక్కలు కంపెనీ సర్వర్‌లో ఉండాలి. ఫోన్ పంపే మాటను సర్వర్ సరిచూసుకుంటుంది. నడిచే మనిషి ఒక్క సెకనులో వంద మీటర్లు దాటాడంటే ఆ లెక్క చెల్లదు.

గోడ సంగతి వేరు. శత్రువు పక్కకు రాగానే బొమ్మ చూపించాలంటే, అతను ఎక్కడున్నాడో ఫోన్‌కు ముందే తెలియాలి. ఫోన్ మెమరీలో ఉన్న ఆ సమాచారాన్ని దొంగతనంగా చదివి తెర మీద గీసేదే ‘వాల్‌హ్యాక్’. అందుకే అవసరం లేని శత్రువుల వివరాలు సర్వర్ అసలు పంపకపోవడం ఒక మందు.

ఫోన్‌లో తనిఖీ

గేమ్ తెరవగానే తన ఫైళ్లు అసలువేనా, ఎవరైనా మార్చారా అని చూసుకుంటుంది. ఫోన్ రూట్ చేశారా, కంప్యూటర్‌లో ఎమ్యులేటర్‌పై ఆడుతున్నారా అనేది కూడా గమనిస్తుంది. దీనికోసం గూగుల్ ‘ప్లే ఇంటిగ్రిటీ’ అనే సదుపాయం కూడా ఇస్తోంది. అయితే కంప్యూటర్‌లో వాలొరాంట్ గేమ్‌తో వచ్చే ‘వాన్‌గార్డ్’లా సిస్టమ్ లోతుల్లోకి దిగే వీలు ఆండ్రాయిడ్‌లో మామూలు యాప్‌కు ఉండదు. అందుకే మొబైల్‌లో ఆట తీరు మీదే ఎక్కువ నిఘా.

గురి తప్పని చెయ్యి, రెప్పపాటులో తల మీదికి తిరిగే తుపాకీ, గోడ వెనకున్న వాళ్లను వెంబడించే చూపు.. ఒక్క మ్యాచ్‌లో అయితే అదృష్టం అనుకోవచ్చు. వంద మ్యాచ్‌ల్లో అలాగే ఉంటే అనుమానం. మీరు నొక్కే ‘రిపోర్ట్’ బటన్ కూడా ఈ లెక్కలోకే వెళ్తుంది. ఒక్కోసారి దొరికిన వెంటనే బ్యాన్ చేయరు. ఏ తప్పు వల్ల దొరికాడో హ్యాక్ తయారుచేసినవాడికి తెలియకుండా, కొన్నాళ్లు ఆగి అందరినీ ఒకేసారి తీసేస్తారు.

25 లక్షల ఐడీలు

2020 సెప్టెంబర్‌లో పబ్‌జీ మొబైల్‌పై కేంద్రం నిషేధం పెట్టాక, 2021 జూలైలో క్రాఫ్టన్ సంస్థ బీజీఎంఐని తెచ్చింది. ఆ ఏడాది అక్టోబర్ 1 నుంచి నవంబర్ 10 లోపే 25 లక్షలకు పైగా ఐడీలను శాశ్వతంగా తీసేసినట్టు ప్రకటించింది. అయినా కొత్త ఐడీతో మళ్లీ వస్తున్నారని, డిసెంబర్ చివర్లో ఏకంగా ఫోన్‌నే బ్యాన్ చేయడం మొదలుపెట్టింది.

అసలు చిక్కు ఇక్కడే. హ్యాక్ వాడినవాడు ఫోన్ అమ్మేస్తాడు, దెబ్బ కొన్నవాడికి తగులుతుంది. ఫ్యాక్టరీ రీసెట్ చేసినా బ్యాన్ పోతుందన్న గ్యారంటీ లేదు. కాబట్టి గేమ్ కోసం సెకండ్ హ్యాండ్ ఫోన్ కొంటుంటే, డబ్బు ఇవ్వకముందే గేమ్ వేసి, మీ ఐడీతో లాగిన్ అయి చూసుకోండి.

హ్యాక్ ఎవరికి లాభం?

ఇది పిల్లల అల్లరి మాత్రమే కాదు, పెద్ద వ్యాపారం. 2021లో చైనా పోలీసులు టెన్సెంట్ సాయంతో పట్టుకున్న ఒక ముఠా హ్యాక్‌లు అమ్మి 7 కోట్ల డాలర్లకు పైగా సంపాదించిందని తేల్చారు.

టెలిగ్రామ్‌లో ‘ఫ్రీ’ అంటూ వచ్చే ఏపీకే ఫైల్ మెసేజ్‌లు చదివే అనుమతి, యాక్సెసిబిలిటీ అనుమతి అడిగిందంటే జాగ్రత్త. అవి ఇస్తే ఓటీపీ కూడా దాని చేతికి వెళ్లొచ్చు. పిల్లాడి చేతిలో ఉన్నది అబ్బాజాన్ ఫోన్‌పే ఉన్న ఫోన్ అయితే, పోయేది ఐడీ ఒక్కటే కాదు. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయాలి.

తప్పు చేయకుండానే బ్యాన్ పడితే గేమ్‌లోని కస్టమర్ సర్వీస్‌కు ఐడీ, తేదీ రాసి పంపండి. ‘అన్‌బ్యాన్ చేయిస్తా, ఐదొందలు కొట్టు’ అనేవాడిని మాత్రం నమ్మొద్దు. ఆ పద్దు పుస్తకం వాడి చేతిలో లేదు.