కంపెనీ మునిగింది, గిన్నెలు మిగిలాయి

ఈ రోజు జపాన్‌లోని ఒసాకా నగర ఓరియెంటల్ సెరామిక్స్ మ్యూజియం గురించి చెప్తాను. అక్కడి చైనా, కొరియా పాత్రల్లో చాలావరకు అటాకా అనే వ్యాపార సంస్థ పోగేసినవే. ఆ కంపెనీ చితికిపోయి 1977లో వేరే కంపెనీలో కలిసిపోయింది. మరి పాత్రలు? అప్పుల కింద అమ్మేస్తే తలో దిక్కుకీ పోయేవి. అలా కాకుండా సుమిటోమో గ్రూపులోని 21 కంపెనీలు కలిసి, దాదాపు వెయ్యి వస్తువుల్ని నగరానికి విరాళంగా ఇచ్చేశాయి. 1982లో మ్యూజియం తెరిచారు.

ఆకుపచ్చ సెలడాన్ పాత్రల అసలు రంగు కనపడాలని, ఒక గదిలోకి పగటి వెలుగునే రప్పించారు. బల్బు వెలుగు వేరు కదా!

నాకైతే అన్నిట్లోకీ ఒక నల్లటి టీ గిన్నె ఇష్టం. చైనాలో సాంగ్ రాజుల కాలంలో చేసింది, ఇప్పుడు జపాన్ జాతీయ సంపద. దాని ఒంటినిండా నూనె చుక్కల్లాంటి మెరుపులు. ఎవరూ బ్రష్‌తో వేయలేదండి, బట్టీ వేడికి పైపూతలోని ఇనుమే అలా పైకి తేలి మెరిసింది.