ఏకీకృత సిద్ధాంతమూ, ఏకత్వ విశ్వాసమూ

మా చిలకలపూడిలో కార్తీక పౌర్ణమికి పాండురంగని గుడి కిటకిటలాడుతుంది. సముద్ర స్నానానికి వచ్చిన జనం దర్శనానికి బారులు తీరతారు. ఆ ఉత్సవాల రోజుల్లోనే జరిగిన ఒక సాహిత్య సభలో, అంతా ఒక్కటేనని మన ఋషులు ఏనాడో చెప్పారనీ, భౌతికశాస్త్రం ఇప్పటికి అక్కడికి చేరుతోందనీ ఒక వక్త అన్నారు. చప్పట్లు మోగాయి. మరొక మిత్రుడు లేచి, దేవుణ్ణి నమ్మేవాడు అసలు శాస్త్రజ్ఞుడే కాలేడన్నాడు. దానికీ చప్పట్లు మోగాయి. ఈ రెండు మాటలూ మన కవిత్వంలోకీ, విమర్శలోకీ తరచు వస్తున్నవే కనుక కొంచెం ఆగి పరిశీలించవలసి వుంది.

ముందుగా 'ఏకీకరణ' అనే మాటను చూద్దాం. చెట్టు మీది పండును కిందికి లాగే బలమూ, చంద్రుణ్ణి భూమి చుట్టూ తిప్పే బలమూ ఒకటేనని 1687లో న్యూటన్ చూపించాడు. విద్యుత్తూ, అయస్కాంతమూ, కాంతీ ఒకే క్షేత్రానికి చెందినవని 1860లలో మాక్స్‌వెల్ చూపించాడు. గురుత్వాకర్షణను కూడా ఇందులో కలపాలని ఐన్‌స్టీన్ చివరి ముప్ఫై ఏళ్లూ శ్రమించి, అది నెరవేరకుండానే 1955లో మరణించాడు. వీరు వెతికిన 'ఒకటి' వేదాంతులు చెప్పే ఒకటి కాదు. వేర్వేరుగా కనిపించేవాటిని ఒకే సమీకరణాలలో ఇమిడ్చినంత మాత్రాన పని పూర్తికాదు. అంతవరకు ఎవరూ చూడనిదాన్ని ఆ సమీకరణాలు ముందుగా చెప్పాలి. అది ప్రయోగంలో దొరకాలి. దొరక్కపోతే సిద్ధాంతమే పోతుంది. మతవిశ్వాసం ఇటువంటి షరతుకు ఒప్పుకోదు.

మరి విశ్వాసి శాస్త్రజ్ఞుడు కాలేడా? విద్యుదయస్కాంత బలాన్నీ, రేడియోధార్మికతలో కనిపించే బలహీన కేంద్రక బలాన్నీ కలిపినందుకు 1979లో గ్లాషో, వైన్‌బర్గ్, అబ్దుస్ సలాంలకు నోబెల్ బహుమతి వచ్చింది. వైన్‌బర్గ్ బాహాటంగా నాస్తికుడు. సలాం పరమ భక్తుడు. స్టాక్‌హోం విందులో ఖురాన్ వాక్యాలు చదివాడు. ఇద్దరూ ఒకరితో ఒకరికి నిమిత్తం లేకుండా 1967-68లలో ఒకే సిద్ధాంతానికి చేరుకున్నారు. తాను ఆస్తికుడు, వైన్‌బర్గ్ నాస్తికుడు అయినందువల్ల పనిలో తేడా ఏమీ రాలేదని, పర్వేజ్ హూద్‌భాయ్ గ్రంథానికి 1991లో రాసిన ముందుమాటలో సలామే ఒప్పుకున్నాడు. ఏకీకరణ వైపు తన మొగ్గుకు విశ్వాసం తనకు తెలియకుండా కారణమై వుంటే వుండవచ్చు. కవికి కలిగిన ప్రేరణ వేరు, కవితకుండే విలువ వేరు అని మనం తరగతిలో చెప్పడం లేదా? వారి సిద్ధాంతం చెప్పిన బరువైన కణాలు 1983లో జెనీవా దగ్గర సెర్న్ ప్రయోగశాలలో దొరికాయి.

ఈ విశ్వాసిని వేధించినవారు నాస్తికులు కారు. 1974లో పాకిస్తాన్ పార్లమెంటు ఆయన అహ్మదీ శాఖవారిని ముస్లిములు కారని శాసించింది. ప్రభుత్వ శాస్త్ర సలహాదారు పదవిని ఆయన వదులుకున్నాడు. 1996లో చనిపోయిన తరువాత, సమాధి ఫలకం మీద 'మొదటి ముస్లిం నోబెల్ గ్రహీత' అని వున్నచోట 'ముస్లిం' అనే మాటను చెరిపించారు.

మనకు దగ్గరి ఉదాహరణ స్వామి జ్ఞానానంద. భీమవరం దగ్గర గొరగనమూడిలో పుట్టి, హిమాలయాలలో యోగసాధన చేసి, యూరపు వెళ్లి ఎక్స్‌రే వర్ణపటాలపై పరిశోధించారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో కేంద్రక భౌతికశాస్త్ర విభాగాన్ని నిలబెట్టి 1969లో మరణించారు. పాత్రలలోంచి గాలిని తోడివేసి శూన్యాన్ని సాధించే పద్ధతుల మీద 1947లో 'హై వాక్యువా' అనే గ్రంథం ప్రచురించారు. కాషాయం చూసి ఏ పంపూ ఎక్కువ గాలి తోడలేదు.

ఇక, శాస్త్రం 'చేరుతోంది' అన్న వక్తగారి మాట. 1974లో సలాం, ఒరిస్సాకు చెందిన జోగేష్ పతితో కలిసి ఇంకా పెద్ద ఏకీకరణను ప్రతిపాదించాడు. గ్లాషో, జార్జి మరొకటి ప్రతిపాదించారు. ఇవి నిజమైతే ప్రోటాను శాశ్వతం కాదు, ఎప్పటికో విచ్ఛిన్నం కావాలి. ఒక్క ప్రోటాను దగ్గర కూర్చుంటే విశ్వం వయసు కూడా చాలదు కనుక కోటానుకోట్ల ప్రోటాన్లను ఒకేసారి కనిపెట్టి వుండాలి. చిత్తూరు సరిహద్దుకు అవతల కోలారు బంగారు గనిలో, 2300 మీటర్ల లోతున, 140 టన్నుల పరికరం అమర్చి 1980 నుంచి భారత, జపాన్ శాస్త్రజ్ఞులు కాపలా కాశారు. (ఆకాశం నుంచి కురిసే కణాలను పైనున్న రాయి ఆపుతుందని అంత లోతు.) కొన్ని గుర్తులు దొరికాయని ప్రకటించారు కూడా. నోబెల్ గ్రహీతల సిద్ధాంతం, సొగసైన గణితం, మన గనిలో సాక్ష్యం! అయినా తోటి శాస్త్రజ్ఞులు తొందరపడలేదు. అమెరికాలోనూ, జపాన్‌లోనూ ఇంకా పెద్ద నీటితొట్లు కట్టి చూస్తే ఆ ఫలితం నిలబడలేదు. మెరుపు ఒకటి, గీటురాయి మరొకటి అని రోల్డ్‌గోల్డ్ నగలు చేసే మా ఊరివాళ్లకు చెప్పనక్కర లేదు.

కోలారు గని 2001లో మూతపడింది. జపాన్‌లో 1996 నుంచి 50,000 టన్నుల నీటి దగ్గర కాపలా సాగుతూనే వుంది. ఇంతవరకు ఒక్క ప్రోటాను కూడా విచ్ఛిన్నమైనట్టు తేలలేదు.