సాలీడు విషంలో మెదడుకు మందు

ఈసారి సైన్సు విషయం రాస్తున్నాను. కొంచెం కష్టంగా ఉంటది, ఓపికగా చదవండి.

మన మెదడు బరువు ఒంటి బరువులో 2 శాతమే. కాని ఒళ్లు వాడుకునే ఆక్సిజన్‌లో 20 శాతం దానికే కావాలి. మెదడుకు పోయే రక్తనాళంలో గడ్డ అడ్డుపడితే ఆక్సిజన్ అందదు. పక్షవాతం ఎక్కువగా ఇలాగే వస్తుంది.

ఆక్సిజన్ లేకపోతే కణం ఎందుకు చస్తుంది? పొయ్యికి గాలి ఆడకపోతే కర్ర సరిగా మండదు, పొగ కమ్ముతుంది కదా. అలాగే కణంలో గ్లూకోజు పూర్తిగా మండక ఆమ్లం పోగవుతుంది. మెదడు కణాల పొరలకు చిన్న చిన్న తలుపులుంటాయి. అందులో ఏసిక్-1ఎ అనే తలుపు ఆమ్లం తగలగానే తెరుచుకుంటుంది. దానిలోంచి సోడియం, కాల్షియం లోపలికి దూరి కణాన్ని పాడుచేస్తాయి.

ఈ తలుపును మూసేది ఎక్కడ దొరికిందో తెలుసా? సాలీడు విషంలో! ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్ దగ్గర ఒక దీవి ఉంది. అక్కడి ఆదివాసులు బుచుల్లా ప్రజలు. వాళ్లు పెట్టుకున్న పాత పేరునే 2023లో ఆ దీవికి తిరిగి పెట్టారు. అక్కడ గరాటులాంటి గూడు కట్టే సాలీడు ఉంటది. కుడితే మనిషి చచ్చేంత విషం. ఆ విషంలో హెచ్ఐ-1ఎ అనే పెప్టైడ్ ఉంది. పెప్టైడ్ అంటే ఏమిటి? అమైనో ఆమ్లాలనే పూసలు గుచ్చిన దండ. పొడవు దండ అయితే ప్రొటీను, పొట్టి దండ అయితే పెప్టైడ్. ఈ దండకు 75 పూసలు.

గ్లెన్ కింగ్ అనే శాస్త్రవేత్త, ఆయనతో పనిచేసేవాళ్లు దీన్ని పక్షవాతం తెప్పించిన ఎలుకలకు ఇచ్చి చూసి 2017లో ప్రకటించారు. 8 గంటలు ఆలస్యంగా ఇచ్చినా మెదడు చాలావరకు దక్కింది. అయితే ఇది ఇంకా ఆసుపత్రుల్లో మందుగా రాలేదు. అందుకని ఎవరూ సాలీడుతో కుట్టించుకోకండి!

8 గంటలు అనగానే నాకు మా తాత గుర్తొచ్చాడు. పోయినేడు పొద్దున్నే ఆయన మూతి వంకరపోయింది, కుడిచెయ్యి లేవలేదు. గాలి సోకిందని దిసారిని పిలిచి మధ్యాహ్నం దాకా చూశారు. తర్వాత డోలీ కట్టి రోడ్డు దాకా మోశారు. పెద్దాసుపత్రికి చేరేసరికి చీకటి పడింది. గడ్డ కరిగించే ఇంజక్షన్ నాలుగున్నర గంటల లోపే చెయ్యాలంట. తాత బతికాడు గాని ఇప్పటికీ కుడిచేత్తో బువ్వ తినలేడు. ఆలస్యమైనా పనిచేసే మందు వస్తే పట్నం వాళ్లకన్నా మన కొండమీది వాళ్లకే ఎక్కువ మేలు.

అది వచ్చేదాకా మనం చెయ్యాల్సింది ఒకటుంది. మూతి వంకరపోయినా, ఒకవైపు చెయ్యి పడిపోయినా, మాట తడబడినా టైము చూసుకుని వెంటనే 108కి ఫోన్ చెయ్యాలి. సిగ్నల్ లేకపోతే ముందు డోలీ కట్టాలి, మొక్కులు తర్వాత. మన ఇళ్లల్లో చదువుకున్నోళ్లం మనమే. సెలవులకు వెళ్లినప్పుడు ఈ మూడు గుర్తులు ఇంటింటికీ చెప్పండి.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థిని