నిరూపణ భారం ఎవరిది? తుమ్మలపల్లె యురేనియం ప్రాజెక్టు: పర్యావరణ నియంత్రణలో రాజకీయ జోక్యం

వ్యాససంగ్రహం

భూగర్భ వనరుల వెలికితీతపై పర్యావరణ నియంత్రణలో రాజకీయ జోక్యం ఏ రూపంలో జరుగుతుందో పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం. అధికారిపై వచ్చే ఒత్తిడి ఒక్కటే జోక్యం కాదు. హాని లేదని ప్రాజెక్టు నిరూపించవలసిన చోట, హాని ఉందని ప్రజలే నిరూపించవలసిన స్థితిని కల్పించే ఏర్పాటు అంతా జోక్యమేనని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. కడప జిల్లా పులివెందుల ప్రాంతంలోని తుమ్మలపల్లె యురేనియం ప్రాజెక్టు ఇందుకు ప్రధాన ఉదాహరణ. సహజవాయువు తవ్వకాల నిబంధనలలో వచ్చిన మార్పులను పోలికగా స్వీకరించడమైనది.

కీలకపదాలు: తుమ్మలపల్లె, పులివెందుల, యురేనియం, టెయిల్‌పాండ్, కాలుష్య నియంత్రణ మండలి, ప్రజాభిప్రాయ సేకరణ, సహజవాయువు

1. ఉపోద్ఘాతం

రాష్ట్రంలో సహజవాయువు ఉత్పత్తి కృష్ణా–గోదావరి తీరానికి చెందిన విషయం. ఉమ్మడి కడప జిల్లా నేల నుంచి వెలికివచ్చేవి ముగ్గురాయి, సున్నపురాయి, నాపరాయి, యురేనియం. ప్రొద్దుటూరు నుంచి ఎర్రగుంట్ల మీదుగా ముద్దనూరు వైపు సాగితే సిమెంటు కర్మాగారాలు, ఆపైన రాయలసీమ తాపవిద్యుత్ కేంద్రం కనిపిస్తాయి. వాన తక్కువ, వలస ఎక్కువ అయిన ఈ ప్రాంతంలో పరిశ్రమ అంటే ముందుగా ఉద్యోగం. కాలుష్యం ఆ తర్వాతి మాట. జమ్మలమడుగు ప్రాంతంలో ఉక్కు కర్మాగారానికి 2007, 2018, 2019, 2023లలో వేర్వేరు పేర్లతో శంకుస్థాపనలు జరగడమే ఈ ఆకాంక్షకు రాజకీయాల్లో ఎంత విలువ ఉందో చెబుతుంది. ఈ ఆకాంక్షను తక్కువ చేసి చూడడం పట్టణాల్లో కూర్చుని రాసేవారు తరచుగా చేసే పొరపాటు. అయితే శంకుస్థాపన చేసిన ప్రభుత్వమే ఆ ప్రాజెక్టును తనిఖీ చేసే సంస్థను కూడా నియమిస్తున్నప్పుడు ఆ తనిఖీ ఏమవుతుందన్నది ఇక్కడి ప్రశ్న.

2. శిల, రసాయనం, వ్యర్థం

పులివెందులకు సమీపాన, వేముల మండలంలో తుమ్మలపల్లె ఉంది. కడప శిలాసంచయంలోని వేంపల్లె స్తరంలో, డోలమైటు రాతిలో ఇక్కడ యురేనియం నిక్షిప్తమై ఉంది. గుల్చెరు, వేంపల్లె, పులివెందుల, తాడిపత్రి వంటి ఊళ్ల పేర్లే ఇక్కడి శిలాస్తరాల పేర్లుగా భూవిజ్ఞానంలో స్థిరపడ్డాయి. కేంద్ర అణుశక్తి శాఖ పరిధిలోని యురేనియం కార్పొరేషన్ ఆఫ్ ఇండియా, అనగా యూసీఐఎల్, 2012లో ఇక్కడ ఉత్పత్తి ప్రారంభించింది. శుద్ధి కర్మాగారం రూపకల్పన రోజుకు 3,000 టన్నుల ముడిఖనిజానికి జరిగింది.

ఈ ఖనిజం నాణ్యత చాలా తక్కువ. వెయ్యి కిలోల రాతిలో అర కిలో యురేనియం ఆక్సైడు కూడా ఉండదు. అంటే గని నుంచి పైకి వచ్చి పిండి అయిన రాతిలో దాదాపు మొత్తం వ్యర్థంగా టెయిల్‌పాండ్‌కు చేరవలసిందే. జార్ఖండ్‌లోని జాదుగూడలో యురేనియాన్ని ఆమ్లంతో కరిగిస్తారు. ఇక్కడి రాయి కార్బొనేటు రాయి కనుక ఆమ్లం రాతిలోనే ఖర్చైపోతుంది. అందువల్ల సోడియం కార్బొనేటు, సోడియం బైకార్బొనేటులతో అధిక పీడనం కింద కరిగించే క్షార పద్ధతిని దేశంలో మొదటిసారిగా ఇక్కడ అనుసరించారు.

నియంత్రణ చర్చకు ఈ రసాయన వివరం కీలకం. టెయిల్‌పాండ్‌కు చేరే బురదలో రెండు రకాల ప్రమాదాలు కలిసి ఉంటాయి. ఒకటి రేడియోధార్మికత. యురేనియాన్ని తీసివేసినా దాని సంతతి మూలకాలు చాలావరకు వ్యర్థంలోనే మిగులుతాయి. వాటిలో రేడియం–226 అర్ధాయువు సుమారు 1,600 ఏళ్లు, థోరియం–230 అర్ధాయువు సుమారు 75,000 ఏళ్లు. రెండవది సోడియం లవణాలు. సోడియం ఎక్కువైన నీరు పారితే బంకమట్టి రేణువులు విడిపోయి నేల బిగుసుకుంటుంది, నీరు లోపలికి ఇంకదు, మొక్క వేరు ఊపిరాడక చస్తుంది. అరటి వంటి పంటకు ఇది వెంటనే తగిలే దెబ్బ. కానీ రేడియోధార్మికత అణుశక్తి నియంత్రణ మండలి పరిధిలోనిది, లవణాలు రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి పరిధిలోనివి. రైతు బోరులోంచి వచ్చే నీటికి ఈ విభజన తెలియదు.

3. ప్రజాభిప్రాయ సేకరణ

ప్రాజెక్టుపై ప్రజాభిప్రాయ సేకరణ 2006 సెప్టెంబరులో జరిగింది. అదే నెల 14న కేంద్రం కొత్త పర్యావరణ ప్రభావ మదింపు నోటిఫికేషన్ వెలువరించింది. 2007లో అప్పటి ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రాజెక్టుకు శంకుస్థాపన చేశారు. పులివెందుల ఆయన సొంత నియోజకవర్గం. ఇందులో చట్టవిరుద్ధమైనది ఏదీ లేదు. ఇబ్బంది వేరొక చోట ఉంది. ఇటువంటి సభకు అధ్యక్షత వహించేది జిల్లా కలెక్టర్ లేదా ఆయన ప్రతినిధి. భూసేకరణ జరిపించేదీ, జిల్లా అభివృద్ధికి ప్రభుత్వానికి జవాబు చెప్పేదీ ఆ కలెక్టరే. సభ ప్రజల మాటను నమోదు చేస్తుంది. ఓటు ఉండదు, ప్రాజెక్టును ఆపే అధికారమూ ఉండదు. చర్చకు ఆధారమైన ప్రభావ మదింపు నివేదికను సొమ్ము చెల్లించి తయారు చేయించుకునేది ప్రాజెక్టు సంస్థే.

నల్లగొండ జిల్లా లంబాపురం–పెద్దగట్టు ప్రతిపాదనను దీని పక్కన పెట్టి చూడాలి. 2003లో అక్కడి ప్రజాభిప్రాయ సేకరణలో తీవ్ర వ్యతిరేకత వ్యక్తమైంది. నాగార్జునసాగర్ జలాశయం పక్కనే ఉండడం, హైదరాబాదు తాగునీటి ప్రశ్న ముందుకు రావడం ఆ వ్యతిరేకతకు బలమిచ్చాయి. గని రాలేదు. 2019 సెప్టెంబరు 16న తెలంగాణ శాసనసభ నల్లమలలో యురేనియం తవ్వకాలను వ్యతిరేకిస్తూ తీర్మానం చేసింది. ఇవీ రాజకీయ ప్రమేయాలే. కనుక పర్యావరణ నిర్ణయాల్లో రాజకీయం ఉండకూడదనడం సరైన వాదన కాదు. శాసనసభలో జరిగిన తీర్మానానికి రికార్డు ఉంటుంది, దానికి బాధ్యులెవరో తెలుస్తుంది. మండలి కార్యాలయంలో కదలని దస్త్రానికి బాధ్యులెవరో తెలియదు. మహానగరం తాగునీటికి దొరికిన వినికిడి వేముల మండలపు బోరుబావులకు దొరకలేదన్నది మాత్రం గమనించవలసిన విషయం.

4. చట్టంలోనే ఉన్న ద్వారం

1974 నాటి జలకాలుష్య నివారణ చట్టాన్ని చదివితే జోక్యానికి రహస్య మార్గాలు వెతకనక్కరలేదు. నాలుగవ సెక్షన్ ప్రకారం రాష్ట్ర మండలి అధ్యక్షుణ్ణి నామినేట్ చేసేది రాష్ట్ర ప్రభుత్వం. అయిదవ సెక్షన్ ప్రకారం, సంజాయిషీ చెప్పుకొనే అవకాశం ఇచ్చి సభ్యుణ్ణి పదవీకాలం ముగియకముందే తొలగించగలిగేదీ ప్రభుత్వమే. పద్దెనిమిదవ సెక్షన్ ప్రకారం ప్రభుత్వం రాతపూర్వకంగా ఇచ్చే ఆదేశాలకు మండలి కట్టుబడి ఉండాలి. అణుశక్తి నియంత్రణ మండలి పరిస్థితి ఇంకా సున్నితమైనది. 1962 నాటి అణుశక్తి చట్టం కింద 1983లో ఈ సంస్థ అణుశక్తి కమిషన్‌కు జవాబుదారీగా ఏర్పడింది. ఆ కమిషన్ అధ్యక్షుడే అణుశక్తి శాఖ కార్యదర్శి. యూసీఐఎల్ అదే శాఖకు చెందిన సంస్థ. నియంత్రణ మండలి స్వతంత్రతపై కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ 2012లో సమర్పించిన నివేదిక తీవ్రమైన లోపాలను ఎత్తిచూపింది.

ఈ ద్వారం గుండా ప్రభుత్వం నిజంగా నడిచిన సందర్భం మన రాష్ట్ర చరిత్రలోనే ఉంది. హైదరాబాదుకు నీరిచ్చే ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాలకు 10 కిలోమీటర్ల పరిధిలో కాలుష్యకారక పరిశ్రమలను నిషేధిస్తూ 1996లో 111వ నంబరు ఉత్తర్వు వెలువడింది. మరుసటి ఏడాదే ప్రభుత్వం ఒక నూనెల పరిశ్రమకు మినహాయింపునిచ్చింది. మండలి మాత్రం అనుమతి నిరాకరించింది. వివాదం సుప్రీంకోర్టుకు చేరింది. ఆంధ్రప్రదేశ్ కాలుష్య నియంత్రణ మండలి, ప్రొఫెసర్ ఎం.వి. నాయుడు కేసుగా ఇది న్యాయశాస్త్ర విద్యార్థులకు సుపరిచితం. 1999 జనవరి తీర్పులో జస్టిస్ ఎం. జగన్నాథరావు ముందుజాగ్రత్త సూత్రాన్ని వివరిస్తూ, హాని లేదని నిరూపించే భారం మార్పును తలపెట్టినవారిదేనని స్పష్టం చేశారు. 2000 డిసెంబరు తీర్పులో ఆ మినహాయింపు చెల్లదని కోర్టు తేల్చింది. తలవంచని మండలి, ప్రభుత్వ ఉత్తర్వును కొట్టివేసిన న్యాయస్థానం: రెండూ కలిసివచ్చిన అరుదైన ఘట్టమిది. పర్యావరణ వివాదాల విచారణకు శాస్త్ర పరిజ్ఞానం కూడా గల వేదిక అవసరమని ఆ తీర్పులు చెప్పిన మాట 2010 నాటి జాతీయ హరిత ట్రిబ్యునల్ చట్టానికి దారితీసిన ఆలోచనల్లో ఒకటి.

5. కె.కె. కొట్టాల ఫిర్యాదు

తుమ్మలపల్లెలో ఆ సూత్రం తలకిందులైంది. టెయిల్‌పాండ్ సమీపంలోని కె.కె. కొట్టాల, మబ్బుచింతలపల్లె తదితర గ్రామాల రైతులు బోర్ల నీరు పాడైందని, అరటి తోటలు ఎండుతున్నాయని, చర్మవ్యాధులు వస్తున్నాయని ఫిర్యాదు చేశారు. టెయిల్‌పాండ్ అడుగున ఇంకుడును నిరోధించే పొర నిబంధనల మేరకు లేదన్నది వారి ప్రధాన ఆరోపణ. 2019 ఆగస్టులో రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి యూసీఐఎల్‌కు నోటీసు జారీ చేసింది. సంస్థ ఆరోపణలను తోసిపుచ్చింది. ఈ శిలల్లో యురేనియం సహజంగానే ఉంది కనుక భూగర్భజలంలోనూ ఉంటుందని వాదించింది.

ఈ వాదనను హేళన చేయడం తగదు. యురేనియం స్తరాలున్న చోట నీటిలో అది సహజంగా ఉండే మాట వాస్తవమే. అయితే ఇది తేల్చలేని ప్రశ్న కాదు. గని తెరవకముందే ప్రతి ఊరి బోర్లలో సోడియం, సల్ఫేటు, యురేనియం స్థాయిలు ఎంతో తీసిపెట్టుకుంటే తర్వాతి మార్పు దానంతట అదే కనిపిస్తుంది. టెయిల్‌పాండ్‌కు ఎగువన, దిగువన పరిశీలక బావులు ఉంటే ఊట దిశ తెలుస్తుంది. యురేనియం–234, యురేనియం–238ల నిష్పత్తి కూడా ఆధారమే: సహజ భూగర్భజలంలో మొదటి దాని క్రియాశీలత సాధారణంగా ఎక్కువగా ఉంటుంది, శుద్ధి కర్మాగార ద్రవంలో రెండూ దాదాపు సమానంగా ఉంటాయి. ఈ పరీక్షలేవీ అరటి రైతు చేయించగలిగేవి కావు. వాటికి కావలసిన సమాచారం, ప్రయోగశాలలు, నిధులు ఉన్నది అణుశక్తి శాఖ దగ్గరే.

ఇక ప్రమాణం సంగతి. తాగునీటిలో యురేనియానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన తాత్కాలిక పరిమితి లీటరుకు 30 మైక్రోగ్రాములు. అణుశక్తి నియంత్రణ మండలి పరిమితి 60. లీటరుకు 45 మైక్రోగ్రాములున్న బోరు నీరు ఒక లెక్కలో కలుషితం, మరో లెక్కలో సురక్షితం. ఏ లెక్క వర్తిస్తుందో నిర్ణయించే అధికారం ఎవరి చేతిలో ఉంటే వివాద ఫలితం సగం వారి చేతిలో ఉన్నట్లే. ఇక్కడ ఎవరూ ఎవరికీ ఫోను చేయనవసరం లేదు.

6. సహజవాయువు వైపు నుంచి చూస్తే

ఈ ధోరణి యురేనియానికే పరిమితం కాదు. అమెరికాలో 2005 నాటి ఇంధన విధాన చట్టం రాతిపొరలను ద్రవపీడనంతో పగులగొట్టి వాయువు తీసే పద్ధతిని, డీజిల్ వాడే సందర్భంలో తప్ప, తాగునీటి రక్షణ చట్టపు భూగర్భ నియంత్రణ నుంచి మినహాయించింది. మన దేశంలో 2006 నోటిఫికేషన్ చమురు, సహజవాయువుల అన్వేషణను కఠినమైన ‘ఎ’ తరగతిలో ఉంచింది. 2020 జనవరి 16 సవరణ అన్వేషణ దశను ‘బి2’ తరగతికి మార్చింది. ప్రభావ మదింపు నివేదిక, ప్రజాభిప్రాయ సేకరణ రెండూ దానికి అక్కరలేకుండా పోయాయి. అన్వేషణ స్వల్పకాలిక కార్యమన్నది దీనికి చెప్పగల సమర్థన. కోనసీమలో పాశర్లపూడి బావి 1995 జనవరి 8న విస్ఫోటం చెంది 65 రోజులు మండింది ఇంకా తవ్వుతుండగానే.

2025 సెప్టెంబరు 8న కేంద్ర పర్యావరణ మంత్రిత్వశాఖ జారీచేసిన మెమొరాండం అణు ఖనిజాలతో సహా కీలక ఖనిజాల గనులన్నింటినీ ప్రజాభిప్రాయ సేకరణ నుంచి మినహాయించింది. దేశ భద్రత, ఇంధన అవసరాలు ఇందుకు చూపిన కారణాలు. 2006లో తుమ్మలపల్లెలో జరిగిన సభకు ఉన్న లోపాలు పైన చెప్పుకొన్నవే. అయినా ఆ సభకు రికార్డు అనేది ఒకటి ఉంటుంది. పర్యావరణ అనుమతి పొందిన సంస్థలు ఆరు నెలలకొకసారి సమర్పించవలసిన నిబంధనల అమలు నివేదికలు కూడా బహిరంగ పత్రాలే. ఈ రెండింటినీ వేముల మండలపు భూగర్భజల నమోదులతో పక్కపక్కన పెట్టి చదివే పని పరిశోధకులు ఈనాటికీ చేయవచ్చు. ఇదే స్తరంలో రేపు తెరిచే మరో గని విషయంలో ఆ మొదటి పత్రం ఉండదు.