ఎవరి ఒంటి మీద దెబ్బ పడొచ్చు? – రోమన్ సమాజంలో పౌరులు, బానిసలు

రోమ్ చరిత్ర అనగానే మన పాఠ్యపుస్తకాలు సీజర్ దగ్గర మొదలుపెట్టి అగస్టస్ మీదుగా చట్టాలు, రోడ్లు, కట్టడాల దాకా పోతాయి. బానిసల సంగతి స్పార్టకస్ పేరుతో ఒక్క పేరాలో తేలిపోతుంది. ఆ చరిత్రని కింద నుంచి చదవాలంటే ఒక ప్రశ్న వేసుకుంటే చాలు: అక్కడి చట్టం ఎవరి ఒంటి మీద చెయ్యి వెయ్యనిచ్చింది, ఎవరి ఒంటి మీద వెయ్యనివ్వలేదు?

మొదట్లో రోమ్‌లో పుట్టుకే లెక్క. పాట్రీషియన్లంటే పెద్ద వంశాలవాళ్ళు, మిగతా పౌరులు ప్లెబియన్లు. క్రీ.పూ. 450 ప్రాంతంలో రాసిన పన్నెండు పట్టికల చట్టం ఈ రెండు వర్గాల మధ్య పెళ్ళిళ్ళని నిషేధించింది. ఆ నిషేధం అయిదేళ్ళు కూడా నిలవలేదు, 445లో తీసెయ్యాల్సి వచ్చింది. ప్లెబియన్ల చేతిలో ఒక ఆయుధం ఉంది. యుద్ధం ముంచుకొచ్చిన వేళ మూకుమ్మడిగా ఊరు విడిచి పోవడం. 494లో మొదటిసారి అలా పోయే తమ ప్రతినిధుల్ని, అంటే ట్రిబ్యూన్లని, సంపాదించుకున్నారని రోమన్లే రాసుకున్నారు. తర్వాత పుట్టుక స్థానంలోకి ఆస్తి వచ్చింది. ఓటు మగ పౌరులందరిదీ. కానీ ఓట్లు మనుషుల లెక్కన కాదు, గుంపుల లెక్కన. 193 గుంపుల్లో 98 గుర్రపురౌతులవీ మొదటి తరగతి ధనికులవీ. ఏ ఆస్తీ లేని లక్షల మందికి ఒకే ఒక్క గుంపు. పిల్లల్ని కనివ్వడం తప్ప రాజ్యానికి ఇంకేమీ ఇవ్వలేనివాళ్ళు అనే అర్థంలో వాళ్ళని ‘ప్రోలెటారీ’ అన్నారు. మనం మీటింగుల్లో వాడే మాట పుట్టింది అక్కడే.

అప్పు తీర్చలేని ప్లెబియన్‌ని కట్టేసి చాకిరీ చేయించుకునే హక్కు షావుకారుకి ఉండేది. క్రీ.పూ. 326లో ఆ హక్కు పోయింది. ఇది ప్లెబియన్ల గెలుపే. మరి ఆ చాకిరీ ఎవరు చేశారు? జవాబు యుద్ధాల్లో దొరుకుతుంది. 167లో ఒక్క ఎపిరస్ ప్రాంతం నుంచే లక్షా యాభై వేల మందిని బానిసలుగా అమ్మారని లివీ రాశాడు. పౌరుడి ఒంటికి రక్షణ పెరిగిన కాలమూ, పరాయివాళ్ళని పశువుల్లా తోలుకొచ్చిన కాలమూ దాదాపు ఒకటే. ఈ రెంటినీ విడివిడి అధ్యాయాలుగా చదవడం మాకు సరిగా తోచదు.

పౌరుడి ఒంటికి ఉన్న విలువ చూడండి. సిసిలీ గవర్నర్ వెర్రెస్ మీద క్రీ.పూ. 70లో విచారణ జరిగినప్పుడు సిసిరో పెద్ద నేరంగా చూపింది దోపిడీని మాత్రమే కాదు. గావియుస్ అనే రోమన్ పౌరుణ్ణి నడిబజారులో కొరడాలతో కొట్టించి శిలువ వేయించడాన్ని కూడా. అదే పని బానిసకి చేసి ఉంటే కేసే లేదు. చర్చికి వెళ్ళే మనవాళ్ళకి పౌలు సంగతి తెలుసు. యెరూషలేములో కొరడాలతో కొట్టబోతుంటే నేను రోమీయుణ్ణి అన్నాడు, చేతులు ఆగిపోయాయి. ఆ పౌరసత్వాన్ని తాను బోలెడంత డబ్బు పోసి కొనుక్కున్నానని సహస్రాధిపతి చెప్పుకుంటే, పౌలు తనది పుట్టుకతో వచ్చిందన్నాడు. పౌలు తల నరికారనీ, పేతురుని శిలువ వేశారనీ సంఘం చెప్పుకునే కథలో కూడా ఈ తేడానే ఉంది.

ఇక బానిస. వ్యవసాయం మీద పుస్తకం రాసిన వారో పొలం పనిముట్లని మూడు రకాలుగా విడగొట్టాడు: మాట్లాడేవి, అరిచేవి, మూగవి. మొదటిది బానిస, రెండోది ఎద్దు, మూడోది బండి. బానిసకి చట్టరీత్యా తండ్రి లేడు, పెళ్ళి లేదు. బానిస స్త్రీ కన్న బిడ్డ యజమాని ఆస్తి. కోర్టులో బానిస సాక్ష్యం చెల్లాలంటే చిత్రహింస పెట్టి చెప్పించాల్సిందే. క్రీ.శ. 61లో రోమ్ నగర అధికారి పెడానియుస్ సెకుండుస్‌ని ఇంట్లో బానిస ఒకడు చంపాడు. పాత ఆచారం ప్రకారం ఆ కప్పు కింద ఉన్న బానిసలంతా చావాలి. వాళ్ళు 400 మంది, ఆడవాళ్ళూ పిల్లలూ కలిపి. ఊరి జనం అడ్డం తిరిగారు, రాళ్ళూ కాగడాలూ పట్టుకుని వచ్చారు. సెనేట్‌లో కాసియుస్ అనే న్యాయపండితుడు లేచి, భయం లేకపోతే ఈ మందని అదుపులో పెట్టలేమని వాదించి నెగ్గాడు. నీరో దారి పొడుగునా సైనికుల్ని నిలబెట్టి 400 మందినీ చంపించాడు. ఆ జనం ఎందుకు కదిలారు? రోమ్ వీధుల్లోని మామూలు మనుషుల్లో చాలామందికి తల్లో, తాతో బానిస అయి ఉంటారు. అందుకని మేం అనుకుంటున్నాం.

ఎందుకంటే రోమ్‌లో బానిసత్వానికి ఒక బయటి తలుపు ఉంది. గ్రీకు నగరాల్లో విడుదలైన బానిస పరాయివాడిగానే మిగిలేవాడు. రోమన్ పౌరుడు పద్ధతి ప్రకారం విడుదల చేస్తే బానిస పౌరుడయ్యేవాడు. ఇది దయ అనుకునేరు. విడుదల ఆశ చూపిస్తే బానిస ఒళ్ళు వంచి పని చేస్తాడు. కూడబెట్టుకున్నది యజమానికే కట్టి బయటపడతాడు. ఆ డబ్బుతో యజమాని ఇంకో పడుచు బానిసని కొనుక్కుంటాడు. విడుదలయ్యాక కూడా పాత యజమాని పేరు మోయాలి, అతనికి విధేయత చూపాలి. పదవులకి పనికిరాడు, కొడుకు మాత్రం పనికొస్తాడు. సమాధి రాళ్ళ మీద పౌరుడి పేరు పక్కన ‘ఫలానావాడి కొడుకు’ అని ఒక అక్షరం ఉంటుంది. విముక్తుడికి అదే చోట ‘ఫలానావాడి విముక్తుడు’ అని ఇంకో అక్షరం. తండ్రి ఉండాల్సిన చోట యజమాని.

ఈ తలుపు అందరికీ తెరవలేదు. గనుల్లో, పెద్ద కమతాల్లో చచ్చేవాళ్ళ దాకా అది రాలేదు. అగస్టస్ కాలంలో, క్రీ.శ. 4లో, ఇంకో గడియ పెట్టారు. శిక్షగా వాతలు పడ్డవాడు, సంకెళ్ళు పడ్డవాడు విడుదలైనా ఎప్పటికీ పౌరుడు కాలేడు. రోమ్‌కి వంద మైళ్ళ లోపల నివాసం ఉండకూడదు. కొట్టింది యజమాని, కానీ ఆ మచ్చే బానిస మీద సాక్ష్యం.

అంబేద్కర్ రోమన్ బానిసత్వాన్నీ అంటరానితనాన్నీ పక్కపక్కన పెట్టి రాశారు. ఆ రచన 1989లో ఆయన ఇంగ్లీషు రచనల అయిదో సంపుటంలో అచ్చయింది. బానిస ఇంట్లోకి రావచ్చు, చదువు చెప్పవచ్చు, లెక్కలు రాయవచ్చు, ఒకనాడు విడుదల కావచ్చు, అంటరానివాడికి ఇవేవీ లేవు అన్నది ఆయన వాదన. దానికి కలిపి చూడాల్సిన శాసనం ఇటలీలోని పుటియోలిలో దొరికింది. శవాలు మోసి, మరణశిక్షలు అమలుచేసే పనివాళ్ళ గురించి ఆ ఊరి నియమాలవి. వాళ్ళు హద్దుకి అవతలే నివసించాలి. చీకటి పడ్డాకే స్నానం. పని ఉంటే తప్ప ఊళ్ళోకి రాకూడదు, వస్తే రంగు టోపీ పెట్టుకోవాలి. శవాన్ని కొక్కెంతో ఈడ్చేటప్పుడు గంట మోగించాలి. చదువుతుంటే మనకి ఇది పరాయి ఊరనిపించదు. తేడా ఏమిటంటే ఆ నియమం పనిని పట్టుకుంది. పని మానినవాడి మనవడి దాకా వెంటబడే శాస్త్రం రోమ్ దగ్గర లేదు.

క్రీ.శ. 212లో కారకల్లా చక్రవర్తి సామ్రాజ్యంలోని స్వతంత్రులకు దాదాపు అందరికీ పౌరసత్వం ఇచ్చేశాడు. పౌరులు కట్టే వారసత్వపు పన్ను రాబట్టడానికే ఇచ్చాడని ఆ కాలపువాడే అయిన డియో రాశాడు. అయితే అప్పటికి గీత జరిగిపోయింది. రెండో శతాబ్దం నుంచే న్యాయస్థానాలు మనుషుల్ని గౌరవనీయులు, తక్కువవాళ్ళు అని విడగొట్టడం మొదలెట్టాయి. సెనేటర్లు, గుర్రపురౌతులు, పట్టణ సభల పెద్దలు, మాజీ సైనికులు ఒకవైపు. కూలీ, రైతు, చేతిపనివాడు ఇంకోవైపు. ఒకే నేరానికి గౌరవనీయుడికి దేశబహిష్కారం, తక్కువవాడికి కొరడా, గని, క్రూరమృగాలు. పౌలుని కాపాడిన మాట అందరి నోటికీ వచ్చేసరికి ఆ మాటకి దెబ్బని ఆపే బలం లేదు.

తర్వాత వంతు కౌలుదార్లది. వీళ్ళు బానిసలు కారు, స్వతంత్రులు. పన్నుల లెక్క తప్పకుండా ఉండాలని భూమి వదలి పోకుండా చేశారు. 332లో కాన్‌స్టంటైన్ ఒక చట్టం చేశాడు. పారిపోయే ఆలోచనలో ఉన్న కౌలుదారుకి బానిసకి వేసినట్టు ఇనుప సంకెళ్ళు వెయ్యాలి, స్వతంత్రుడు చెయ్యాల్సిన పనినే ఆ సంకెళ్ళలో చేయించాలి అని.