అజంతాలో ఆరు గుహలు చాలు

అజంతాలో దాదాపు ముప్పై గుహలున్నాయి. ఒక్క పూటలో అన్నీ చూసొచ్చామని చెప్పేవాళ్లను నేను నమ్మను. తిరిగొచ్చి ఉంటారు, చూసి ఉండరు. నన్నడిగితే ఆరు గుహలు చాలు. కాకపోతే ఏ ఆరు, ఏ వరుసలో, ఒక్కోదాంట్లో ఎంతసేపు అన్నది మన చేతిలో ఉండాలి. టూరిస్టు బస్సులో పోతే అది మన చేతిలో ఉండదు. అందుకే అజంతాకు మాత్రం కారు, గైడు విడిగా మాట్లాడుకుని పొండని తెలిసినవాళ్లందరికీ చెబుతుంటాను. ఇంకెక్కడైనా ఆ ఖర్చు దండగ కావచ్చు, ఇక్కడ కాదు.

బోధన్‌లో సర్కారు బడిలో డ్రాయింగ్ టీచరుగా చేసి రిటైరయ్యాను. పుస్తకంలో అరచేయంత ఉన్న అజంతా పద్మపాణి బొమ్మను చూపించి ఏళ్ల తరబడి పిల్లలతో వేయించాను. రిటైరైన ఏడాది చలికాలంలో మా అక్కను వెంటబెట్టుకుని నిజామాబాద్‌లో అజంతా ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. అక్కకు బొమ్మల మీద పట్టింపు లేదు, బుద్ధుడి మీద ఉంది. మోకాళ్లే సహకరించవు.

ఔరంగాబాద్‌లో దిగాలి. ఇప్పుడు దాని పేరు ఛత్రపతి శంభాజీనగర్. అక్కడి నుంచి అజంతా సుమారు 100 కిలోమీటర్లు. గైడును ముందురోజే ఫోన్లో మాట్లాడుకున్నాం. మెడలో పర్యాటక శాఖ గుర్తింపు కార్డున్న గైడునే పిలుచుకోవాలి. ఫీజు సగం రోజుకా, పూర్తి రోజుకా, ఎంతమందికి అన్నదాన్ని బట్టి ఉంటుంది, అది ముందే తేల్చుకోవాలి. డబ్బు సంగతి తేలాక నేను ఒక ప్రశ్న అడిగాను: “పదో గుహతో మొదలుపెడదామా?” అంతకుముందు మాట్లాడినాయన ‘అట్లా కుదరదు మేడమ్, ఒకటి నుంచి వరుసగా పోవాలి’ అన్నాడు. ఈయన మాత్రం ఒక్క క్షణం ఆగి “మీరు బొమ్మలు వేస్తారా?” అని అడిగాడు. ఆయన్నే ఖాయం చేసుకున్నాను. మీరూ ఈ ప్రశ్న అడిగి చూడండి, గైడు సంగతి తెలిసిపోతుంది.

గుహల అంకెలకూ వాటి వయసుకూ సంబంధం లేదు. వాగోరా నది గుర్రపు నాడాలా వంపు తిరిగిన చోట కొండను వరుసగా తొలిచారు. ఒక చివర నుంచి రెండో చివరకు లెక్కపెట్టుకుంటూ పోయి నంబర్లు వేశారు. ఒకటో నంబరు గుహ అన్నిటికన్నా చివరలో తొలిచినవాటిలో ఒకటి. అన్నిటికన్నా పాతవి మధ్యలో ఉన్న తొమ్మిది, పది, వాటి పక్కన ఇంకొన్ని. పొద్దున తొమ్మిదింటికి గేటు తెరవగానే జనమంతా ఒకటో గుహ ముందు బారులు తీరతారు. మనం ఆ బారు పక్కనుంచి దాటుకుని పదో గుహకు పోతే అక్కడ మనమే ఉంటాం.

కారు గుహల దాకా రాదు. ఫర్దాపూర్ దగ్గర టీ జంక్షన్‌లో ఆపేసి, మిగతా నాలుగు కిలోమీటర్లు అక్కడి బస్సుల్లో పోవాలి. బండ్ల పొగ బొమ్మలకు తగలకూడదని ఈ ఏర్పాటు. జంక్షన్‌లో రంగురాళ్లు అమ్మేవాళ్లు చుట్టుముట్టి, వచ్చేటప్పుడు తమ దుకాణానికే రావాలని నంబరు చెప్పి మరీ మాట తీసుకుంటారు. మా గైడు మరాఠీలో ఏదో ఒక్క ముక్క అన్నాడు, అందరూ నవ్వుకుంటూ పక్కకు జరిగారు. సొంత గైడు ఉంటే వచ్చే మొదటి లాభం అదే. రెండోది డోలీ. మెట్లెక్కలేనివాళ్లను కుర్చీలో కూర్చోబెట్టి నలుగురు మోస్తారు. “మనుషుల భుజాల మీద ఊరేగుడేందే, నేనేమన్న అమ్మవారినా?” అని అక్క మొండికేసింది. గైడు ముందుగా ధర మాట్లాడి, వాళ్లకు అదే జీవనాధారమని నచ్చజెప్పి ఎక్కించాడు.

పదో గుహ పెద్ద చైత్యం. లోపల 39 ఎనిమిది పలకల స్తంభాలు, చివర రాతిలోంచే చెక్కిన స్తూపం. బుద్ధుడి విగ్రహం ఉండదు. బుద్ధుణ్ని మనిషి రూపంలో చెక్కడం ఇంకా మొదలుకాని కాలం, అంటే క్రీస్తు పూర్వం రెండో శతాబ్దం నాటిది. మన శాతవాహనుల కాలమన్నమాట. ముఖద్వారం చేయించినవాడి పేరు బ్రాహ్మీ లిపిలో చెక్కి ఉంది: వాసిఠీపుత కటహాది. గౌతమీపుత్ర శాతకర్ణి పేరు చదువుకున్న మనకు, తల్లి పేరు ముందు పెట్టుకునే ఆ పద్ధతి కొత్త కాదు.

గోడ మీద బొమ్మలు చాలావరకు చెరిగిపోయాయి. గైడు లేకపోతే మసక మసకగా మరకలు చూసి వచ్చేసేదాన్ని. ఆయన వేలు గోడకు తాకకుండా గాల్లోనే ఒక గీత గీసి, “ఇది విల్లు, ఇది కుండ, వీళ్లు గుడ్డి తల్లిదండ్రులు” అన్నాడు. అక్క వెంటనే “అగో, శ్రవణకుమారుడు!” అంది. శ్యామ జాతకమది. గుడ్డి తల్లిదండ్రులను సాకే పిల్లవాడికి రాజు బాణం తగలడం అందులోనూ ఉంది. జాతక కథలో మాత్రం పిల్లవాడు మళ్లీ బతుకుతాడు. ఆ మాట విని అక్క చాలా సంతోషించింది.

ఈ గుహలోనే ఒక స్తంభం మీద తెల్లదొర గీకిన పేరుంది. జాన్ స్మిత్, 28వ అశ్విక దళం, 1819 ఏప్రిల్ 28. పులి వేటకు వచ్చి, ఎదుటి గట్టు నుంచి చెట్ల మధ్య ఈ గుహ ముఖద్వారపు కమాను చూశాడంటారు. పేరు మన తలలకన్నా ఎత్తున ఉంటుంది. అప్పటికి గుహలో మట్టీ రాళ్లూ అంత ఎత్తున పేరుకుపోయి ఉన్నాయి మరి. బయటి ప్రపంచానికి అజంతాను తెలియజేసినవాడే బొమ్మ మీద పేరు గీకాడు. ఆ తర్వాత గీకినవాళ్లు లెక్కలేనంతమంది. అందులో మనవాళ్లే ఎక్కువ.

పదహారో గుహకు పోతుండగా రంగుల సంగతి అడిగాను. ఇక్కడివి తడి సున్నం మీద వేసిన బొమ్మలు కావు. గరుకుగా చెక్కిన నల్లరాతికి మన్ను, ఊక, గడ్డి పీచు కలిపి మెత్తారు. దాని మీద పల్చగా సున్నం పూసి, ఆరిన తర్వాత జిగురు కలిపిన రంగులతో వేశారు. ఎరుపు మన ఇళ్ల గోడలకు పూసే జాజు లాంటి మన్నే. పసుపూ మన్నే, ఆకుపచ్చ ఒక రాయి, నలుపు దీపపు మసి. నీలం ఒక్కటే ఇక్కడిది కాదు. అది లాపిస్ లాజులి రాయి, ఆఫ్ఘనిస్తాన్ గనుల నుంచి వచ్చింది. పదో గుహలోని పాత బొమ్మల్లో ఆ నీలం కనబడదు, తర్వాతి కాలం గుహల్లో కనబడుతుంది. పాత గుహలు ముందు చూడమనడానికి ఇదొక కారణం. ఐదారు వందల ఏళ్లలో బొమ్మ వేసేవాడి చేతికి ఏమేం కొత్తగా అందాయో కళ్లముందు తెలుస్తుంది.

ఆ రెండో దఫా గుహలు క్రీస్తు శకం అయిదో శతాబ్దం చివరి భాగంలోవి, వాకాటక రాజు హరిషేణుడి కాలానివి. పదహారో గుహను ఆయన మంత్రి వరాహదేవుడు తొలిపించాడు. అమెరికన్ పండితుడు వాల్టర్ స్పింక్ జీవితమంతా ఈ గుహల మీదే ధారపోసి, ఈ పనంతా ఇరవై ఏళ్ల లోపు జరిగిందని వాదించాడు. అందరూ ఒప్పుకోరు. నాకు మాత్రం నమ్మబుద్ధవుతుంది. ఒకే చేతివాటం పక్క పక్క గుహల్లో కనబడుతుంటే బడిలో బొమ్మలు దిద్దినదాన్ని గుర్తుపట్టలేనా?

పదిహేడో గుహకు గంట సేపు కేటాయించుకోండి. బొమ్మలు బాగా మిగిలిన గుహ ఇది. వరండాలో సంసార చక్రం, ఎగిరే అప్సరస, లోపల విశ్వంతర జాతకం, సింహళుడి కథ. కథ ఎడమ నుంచి కుడికి పోదు. ఒక సంఘటన జరిగిన చోటంతా ఒక గుంపుగా ఉంటుంది, మళ్లీ అదే మనిషి ఇంకోచోట కనబడతాడు. తోవ తెలిసినవాళ్లు చూపిస్తేనే కథ అందుతుంది. నన్ను కదలకుండా నిలబెట్టేసింది మాత్రం గర్భగుడి ముందున్న గది గోడ మీది బొమ్మ. బుద్ధుడు భిక్షాపాత్రతో తన ఇంటి గుమ్మం ముందుకే వచ్చాడు. మనిషి గోడంత ఎత్తున ఉన్నాడు. ఎదురుగా యశోధర, రాహులుడు చిన్నగా, ఆయన మోకాళ్ల దాకా వస్తారేమో. యశోధర కొడుకును ముందుకు తోస్తోంది, తండ్రి ఆస్తిలో వాటా అడగమని. బొమ్మ వేసినవాడు ఆమె ముఖంలో కోపం పెట్టలేదు, ఏడుపు పెట్టలేదు. కళ్లు మాత్రం పైకెత్తించాడు. అక్క చాలాసేపు చూసి, “పిల్లగానికి గిన్నె తప్ప ఏమిచ్చిండే?” అంది. గైడుకు తెలుగు రాదు. ఏమన్నారని అడిగితే చెప్పాను. ఇరవై ఏళ్లుగా చూపిస్తున్నా ఆ మాట ఎవరూ అనలేదన్నాడు. బొమ్మలున్న గుహల్లో కాపలావాళ్లు జనాన్ని విడతలుగా పంపి, తొందరగా కదలమంటారు. మా గైడు వాళ్లతో మంచిగా మాట్లాడి, ఒక గుంపు పోయి ఇంకో గుంపు వచ్చే మధ్యలో మమ్మల్ని ఉండనిచ్చాడు.

ఇరవై ఆరుకు పోయే దారిలో ఇరవై నాలుగో గుహలోకి తొంగి చూడండి. సగంలో ఆగిపోయిన పని. పూర్తయి ఉంటే ఇక్కడి పెద్ద విహారాల్లో ఒకటయ్యేది. పైకప్పు ముందు, నేల తర్వాత అన్నట్టు పై నుంచి కిందికి తొలిచేవాళ్లని అక్కడ తెలుస్తుంది. ఉలి గాట్లు ఇప్పటికీ ఉన్నాయి.

ఇరవై ఆరో గుహలో దాదాపు ఏడు మీటర్ల పొడవున బుద్ధుడు పడుకుని ఉంటాడు, మహాపరినిర్వాణం. కింద శిష్యులు దుఃఖిస్తుంటారు, పైన దేవతలు వాద్యాలతో ఎదురొస్తుంటారు. అక్క డోలీ దిగి అక్కడే కూర్చుండిపోయింది. ఈ గుహ చేయించింది బుద్ధభద్రుడనే భిక్షువు. అశ్మక రాజ్య మంత్రి తన స్నేహితుడని, అతని పేరున ఈ దానం చేశానని శాసనంలో రాయించాడు. అశ్మక రాజధాని పోదన మా బోధనే అని చాలామంది చరిత్రకారుల మాట. నా ఊరి పేరు తలుచుకుని గర్వపడేలోపే గైడు ఇంకో మాట చెప్పాడు. హరిషేణుడు పోయాక అశ్మకులు తిరగబడటం వల్లే అజంతా పని ఆగిపోయిందని స్పింక్ రాశాడట. చేయించిందీ మనవాళ్లే, చెడగొట్టిందీ మనవాళ్లేనన్నమాట.

తిరుగుదారిలో, మధ్యాహ్నం మూడు దాటాక, రెండు, ఒకటి గుహలు చూశాం. రెండోదాంట్లో పైకప్పు చూడాలి, మెడ నొప్పి పుట్టినా సరే. ఒకటో గుహలో గర్భగుడి బుద్ధుడి మీద గైడు చిన్న టార్చి వేశాడు. ఎడమ నుంచి వేస్తే ఒక భావం, కుడి నుంచి వేస్తే ఇంకొకటి, ఎదురుగా వేస్తే ధ్యానం. అజంతా గైడులందరూ చేసే విద్యే ఇది. ఏటవాలు వెలుగులో పెదవి చివర నీడ జరిగితే ఏ ముఖమైనా మారుతుంది, దానికి శిల్పి ఉద్దేశం అక్కర్లేదు. చీకట్లో బొమ్మలెలా వేశారంటే, నేల మీద నీళ్లు నింపి ఎండను లోపలికి మళ్లించారని కూడా చెప్తారు. దానికి రుజువు లేదు. అడిగితే ఆయనే ఒప్పుకున్నాడు. మంచి గైడు కథ చెబుతాడు, అది కథేనని కూడా చెబుతాడు. బొమ్మల మీద మాత్రం టార్చి వేయలేదు. మీ గైడు వేయబోతే వద్దనండి. ఫోన్ ఫ్లాషు కూడా వాడకూడదు.

ఇక పద్మపాణి. పుస్తకంలో ముఖమే కనబడుతుంది. ఇక్కడ ముఖం చుట్టూ కోతులు, నెమళ్లు, దంపతులు, కొండలు, అంత సందడిలో చేతిలో నీలి కలువతో కళ్లు దించుకుని నిలబడ్డ మనిషి కనబడతాడు. ఒక కనుబొమ నుంచి ఇంకో కనుబొమకు గీత ఎక్కడా తడబడలేదు. ఇన్నేళ్లూ నేను పిల్లలకు నేర్పింది ఆ ముఖంలో పదో వంతు కూడా కాదు.

బొమ్మ మీద పసుపు మెరుపు లాంటిదొకటి అక్కడక్కడా కనబడుతుంది, అది పాత వార్నిష్. దానికీ హైదరాబాద్‌కూ సంబంధముంది. 1956లో మరాఠ్వాడా బొంబాయి రాష్ట్రంలో కలిసేదాకా అజంతా నిజాం రాజ్యంలోది, తర్వాత హైదరాబాద్ రాష్ట్రంలోది. 1920ల మొదట్లో నిజాం ప్రభుత్వం ఇటలీ నుంచి లోరెంజో చెక్కోనీ అనే నిపుణుణ్ని, ఆయన సహాయకుణ్ని పిలిపించి ఊడిపోతున్న పూతను నిలబెట్టించింది. అప్పుడు పూసిన లక్క కాలం గడిచేకొద్దీ పసుపెక్కింది. అయినా ఆ పని జరగకపోతే మరెన్నో బొమ్మలు నేలరాలేవి. పురావస్తు శాఖ నడిపిన గులాం యజ్దానీ అజంతా మీద నాలుగు సంపుటాలు రాశారు. అంతకుముందు మద్రాసు సైన్యపు రాబర్ట్ గిల్ ఏళ్ల తరబడి వేసిన నకళ్లలో చాలావరకు 1866లో లండన్ క్రిస్టల్ ప్యాలెస్ మంటల్లో కాలిపోయాయి. జాన్ గ్రిఫిత్స్ బృందం వేసినవాటిలో ఎన్నో 1885లో లండన్‌లోనే సౌత్ కెన్సింగ్టన్ మ్యూజియంలో జరిగిన ఇంకో అగ్నిప్రమాదంలో పోయాయి. హైదరాబాద్ చిత్రకారుడు సయ్యద్ అహ్మద్ వేసినవి మాత్రం మనకు మిగిలాయి, పబ్లిక్ గార్డెన్స్‌లోని స్టేట్ మ్యూజియంలో.

అజంతాకు బయల్దేరే ముందు ఒక పూట ఆ మ్యూజియానికి పోయి రండి. ఏ బొమ్మ దగ్గర ఆగాలో మీ కంటికి ముందే తెలుస్తుంది, గైడును అడగడానికి ప్రశ్నలూ ఉంటాయి. తాళ్లు కట్టే బూట్లు వేసుకోకండి, గుహ గుహకూ విప్పాలి. ఎల్లోరా ఔరంగాబాద్ నుంచి ఇంకో దిక్కున ముప్పై కిలోమీటర్లు. రెండిటినీ ఒకే రోజులో చూపిస్తామనే ప్యాకేజీ ఎవరైనా అంటగట్టబోతే ఒప్పుకోకండి. అజంతాకు సోమవారం సెలవు, ఎల్లోరాకు మంగళవారం.